డబుల్ బాస్‌కు తీగల సెట్ కొనేముందు నాలుగో తీగ మీద ఒక్కసారి కమాను లాగి చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. తిరుపతిలో ఉంటావు. శని ఆదివారాలు చెన్నై వెళ్లి ఆర్కెస్ట్రా రిహార్సల్‌లో అక్కడి డబుల్ బాస్, అదే ఆ మనిషెత్తు పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం, వాయిస్తావు. ఇంట్లో సాధనకు సెకండ్ హ్యాండ్‌లో త్రీ ఫోర్త్ సైజు బాస్ ఒకటి కొన్నావు. దాంతో వచ్చిన పాత తీగలే ఇంకా దానిమీద ఉన్నాయి, అన్నిటికన్నా లావు తీగ కమానుకు సరిగ్గా పలకడం లేదు. చేతిలో పాతిక వేలు ఉన్నాయి. స్పైరోకోర్ బ్రాండ్ తీగలు వెయ్యాలా, ఈవా పిరాజ్జి బ్రాండ్‌వి వెయ్యాలా, పేరులేని చవక సెట్ వేసి సర్దుకోవాలా అన్నది నీ సందేహం.

నేను కోడంబాక్కం స్టూడియోల్లో ఇరవై ఏళ్లకు పైగా బాస్ వాయించి, ఇప్పుడు తిరుపతిలో స్థిరపడినవాణ్ని. తీగల మీద తగలేసిన డబ్బుతో ఇంకో బాస్ కొనుక్కోవచ్చు. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. బాస్ తీగలు లావు నుంచి సన్నానికి ఇ, ఏ, డి, జి. తెలుగులో "ఈ తీగ మార్చు" అంటే చేతికి దగ్గరున్నది అనుకుంటారు, "ఏ తీగ తెగింది" అంటే ఎదురు ప్రశ్న వేశామనుకుంటారు. ఒకసారి రికార్డింగ్ మధ్యలో ఫోన్ చేసి "ఏ తీగ తీసుకురా" అన్నాను. అవతలివాడు "అదే అన్నా, ఏ తీగ?" అంటాడు. పది నిమిషాలు నడిచింది ఆ సంభాషణ. అందుకే ఇక్కడ సన్నం నుంచి లెక్కపెడతాను. జి ఒకటోది, డి రెండు, ఏ మూడు, ఇ నాలుగు. నీ బాధంతా నాలుగోదానితో.

ఇప్పుడే సెట్ కొనొద్దు. ముందు ఈ పరీక్ష చెయ్యి. గదిలో ఫ్యాను ఆపు. నాలుగో తీగను ఖాళీగా, అంటే ఎడమ చెయ్యి తగలకుండా, కమాను నడిమి భాగంతో మెల్లగా లాగు. మొదట్లో ఒత్తి పట్టడం, కుదపడం ఏమీ వద్దు. కమాను కదిలిన క్షణానికే స్వరం వస్తోందా, లేక ముందు "స్‌స్‌" అని గాలి చప్పుడు వచ్చి తర్వాత స్వరం నిలబడుతోందా విను. ఇదే పని తీగలను ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జికి ఒక బెత్తెడు దూరంలో ఒకసారి, ఎడమ చేతి వేళ్లు నొక్కే పలక ఫింగర్‌బోర్డ్ అంచు దగ్గర ఒకసారి చెయ్యి. బ్రిడ్జి దగ్గర బాగా పట్టుకుని, ఫింగర్‌బోర్డ్ వైపు వచ్చేసరికి జారిపోతుంటే తప్పు చాలావరకు కమానుది, దాని వెంట్రుకలకు రాసే జిగురు ముద్ద రోజిన్‌ది, నీ చేతిది. ఎక్కడ లాగినా ఒకేలా ఆలస్యంగా లేస్తుంటే అప్పుడు తీగనో, సెటప్‌నో, అంటే తీగల ఎత్తూ బ్రిడ్జీ కుదిర్చిన తీరునో అనుమానించాలి.

కొంత ఆలస్యం ఆ తీగ పుట్టుకలోనే ఉందన్నది కూడా గుర్తుపెట్టుకో. నాలుగో తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. వెస్టర్న్ శ్రుతిలో ఉన్న వయొలిన్ సన్నతీగ 659 సార్లు, అంటే సరిగ్గా పదహారు రెట్లు. స్వరం కుదురుకోవడానికి తీగకు కొన్ని కంపనాలు కావాలి. వయొలిన్‌కు అవి కన్నుమూసి తెరిచేలోపు అయిపోతాయి. బాస్‌కు ఒక్కో కంపనానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే కండక్టర్లు ఎప్పుడూ బాసుల వైపు చూసి "లేటు, లేటు" అంటుంటారు. మంచి తీగ ఈ ఆలస్యాన్ని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. బీథోవెన్ ఐదో సింఫనీ మూడో భాగంలో సెల్లోలూ బాసులూ ఒకళ్లనొకళ్లు తరుముకున్నట్టు పరుగెత్తే చోటు ఉంది చూడు, అక్కడ వాయిస్తే ఏ తీగ సత్తా ఎంతో బయటపడుతుంది.

పరీక్ష అయ్యాక స్కేలు తీసుకో. మెడ పైచివర తీగలు ఆనే పట్టీ నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు కొలువు. త్రీ ఫోర్త్ బాస్ అయితే మామూలుగా 104 నుంచి 106 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. పాత వాయిద్యాల్లో 110 దాకా ఉన్నవీ ఉంటాయి. ఇది ఎందుకంటే, అదే తీగను అదే శ్రుతిలో పెట్టినా పొడవు 105 నుంచి 110కి పెరిగితే టెన్షన్, అంటే తీగ బిగువు, పదో వంతు దాకా పెరుగుతుంది. "మీడియం" అని కవరు మీద రాసి ఉన్న తీగ నీ బాస్ మీద "హెవీ" అయి కూర్చుంటుంది. తర్వాత ఫింగర్‌బోర్డ్ కింది చివర, తీగకూ చెక్కకూ మధ్య ఎత్తు కొలువు. కమానుతో ఆర్కెస్ట్రా వాయించేవాళ్లకు ఒకటో తీగ దగ్గర 6, 7 మిల్లీమీటర్లు, నాలుగో తీగ దగ్గర 9 నుంచి 11 మిల్లీమీటర్లు అయితే మామూలే. నీ నాలుగోది 14 ఉందనుకో, ఎంత ఖరీదైన తీగ వేసినా అది పలకదు, ఎడమ చెయ్యి మాత్రం పడిపోతుంది. బ్రిడ్జి నిటారుగా ఉందా, ఫింగర్‌బోర్డ్ వైపు వంగిందా కూడా చూడు. వీణకు గుర్రం ఎంతో దీనికి బ్రిడ్జి అంత. అది వంగితే అన్నీ వంగినట్టే.

ఆ తర్వాత రోజిన్. ఇక్కడ మన ఊరి ఎండ సంగతి చెప్పాలి. పాప్స్ అనే అమెరికా రోజిన్ బాస్ వాళ్లకు ముద్దుబిడ్డ. మెత్తగా, జిగటగా ఉంటుంది, కమాను తీగను గట్టిగా పట్టుకుంటుంది. చల్లటి దేశంలో బ్రహ్మాండం. ఒక మే నెలలో దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టి, బస్టాండ్ దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ గంటసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి డిక్కీ తెరిస్తే రోజిన్ చుట్టిన గుడ్డంతా బెల్లం పాకంలో ముంచినట్టు ఉంది. పక్కనున్న బండి కాగితాలకు కూడా అంటుకుంది. ఆర్‌సీ ఇప్పటికీ మడత విప్పితే చిరుగుతుందేమోనని భయం. కత్తిరి ఎండల్లో అలాంటి మెత్తటి రోజిన్ కమాను వెంట్రుకల మీద ముద్దకట్టి, స్వరానికి బదులు గరగర వినిపిస్తుంది. జనం దాన్ని తీగ గరగర అనుకుని తీగలు మారుస్తారు. స్వీడన్ నుంచి వచ్చే కార్ల్‌సన్, నైమన్ దానికన్నా గట్టిగా ఉంటాయి. నేను మార్చి నుంచి జూన్ దాకా వాటితోనే నెట్టుకొస్తాను, వానలు పడ్డాక మెత్తటిదానికి మారతాను. రోజిన్ ధర తీగ ధరలో ఏ మూలకూ రాదు కాబట్టి ముందు అది మార్చి చూడు.

ఇవన్నీ చూసుకున్నా నాలుగో తీగ మొండికేస్తే, అప్పుడు తీగలు మార్చాల్సిందే. పాతవి చచ్చాయో లేదో తెలుసుకోవడం సులువు. తీగకు సరిగ్గా సగం దగ్గర వేలు తాకీ తాకనట్టు పెట్టి హార్మోనిక్ వాయించు. తర్వాత అదే చోట వేలు గట్టిగా నొక్కి వాయించు. రెండూ ఒకే స్వరం కావాలి. నొక్కిన స్వరం బాగా తేడాగా ఉంటే, నీ తీగ ఎత్తు కూడా మామూలుగానే ఉంటే, ఆ తీగ అరిగిపోయి, మందం అంతటా ఒకేలా లేదన్నమాట. ఫస్ట్ పొజిషన్‌లో, అంటే నట్‌కు దగ్గరగా, వేళ్లు పడేచోట తీగ మీది లోహపు చుట్టు నల్లబడిందా, గోరుతో గీస్తే సందులు తగులుతున్నాయా కూడా చూడు. రోజూ మూడు నాలుగు గంటలు వాయించేవాడి తీగలు రెండేళ్లకు ఇలా అవుతాయి. నీ బాస్ పాత యజమాని ఎన్నేళ్లు వాయించాడో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు తీగ లోపల ఏముందో చెప్తాను. అది తెలిస్తే బ్రాండ్ల పేర్లు వాటంతటవే అర్థమవుతాయి. పైకి కనిపించే మెరుపు ఒట్టి చుట్టు మాత్రమే. స్వభావమంతా లోపలి కోర్‌ది. పూర్వం అది గొర్రె పేగుతో చేసేవాళ్లు, గట్ అంటారు. నాదం తియ్యగా, వెచ్చగా ఉంటుంది కానీ వాతావరణం మారితే శ్రుతి మారుతుంది. మన దగ్గర మేలో ఒక శ్రుతి, నవంబరు వానల్లో ఒక శ్రుతి. గట్ తీగలు మన ఊళ్లో మెయింటెయిన్ చెయ్యడం ఏనుగును పెంచినట్టే. అందుకని వాటి జోలికి పోవద్దు. రెండో రకం స్టీల్ కోర్, సన్నటి ఉక్కు పోగులను తాడులా పేనినది. ఇప్పుడు ఆర్కెస్ట్రాల్లో ఎక్కువమంది వాడేది ఇదే. మూడో రకం సింథటిక్ కోర్. గట్ వెచ్చదనాన్ని, స్టీల్ నిలకడని కలిపి తేవాలని చేసింది.

వియన్నాలో థోమాస్టిక్ వాళ్లు చేసే స్పైరోకోర్ స్టీల్ రకం. వేలితో మీటితే స్వరం గుడి గంటలాగా చాలాసేపు మోగుతుంది. అందుకే జాజ్ వాళ్లు ప్రాణం పెడతారు. స్టూడియోలో మీటే పాటలకు నేనూ ఏళ్ల తరబడి అదే వాడాను, ఏళ్లు గడిచినా చావదు. కానీ కమానుకు మొదటి కొన్ని వారాలు గీరుతుంది. ఇనుప పెట్టె మీద గోరు గీసినట్టే. కమాను మీద పట్టున్నవాడు దాన్ని లొంగదీసుకుంటాడు. నువ్వు ఇంకా నేర్చుకుంటున్నావు, పైగా నీ ఫిర్యాదే కమానుకు పలకడం లేదని. నాలుగు తీగలూ స్పైరోకోర్ వేస్తే నీకు నువ్వే పరీక్ష పెట్టుకున్నట్టు.

జర్మనీలో పిరాస్ట్రో వాళ్లది ఈవా పిరాజ్జి, సింథటిక్ కోర్. కమానుకు చక్కగా పలుకుతుంది, నాదం పెద్దది. కానీ నీ బడ్జెట్‌కు కొంచెం పైన, షిప్పింగూ కస్టమ్సూ కలిస్తే ఇంకా పైన. అదే కంపెనీ ఆబ్లిగాటో కూడా సింథటిక్, మెత్తటి మనిషి. మీటడానికీ, కమానుకీ రెండింటికీ ఒప్పుకుంటుంది. కాకపోతే పది బాసులున్న పెద్ద సెక్షన్‌లో తనను తాను వినిపించుకోదు. వాళ్లదే ఫ్లెక్సోకోర్, థోమాస్టిక్ వాళ్ల బెల్‌కాంటో రెండూ స్టీలే, కానీ కమాను కోసం పుట్టినవి. స్వరం ఎక్కువసేపు మోగకుండా తొందరగా ఆగుతుంది, అందువల్ల వేగంగా వాయించేటప్పుడు ఒక స్వరం మీద ఇంకోటి పడదు. ఆర్కెస్ట్రాలో కావలసిన గుణం అదే. అమెరికాలో డడారియో వాళ్లు హెలికోర్ పేరుతో ముఖ్యంగా మూడు రకాలు చేస్తారు. కమానుకు ఆర్కెస్ట్రల్, రెండింటికీ హైబ్రిడ్, వేలితో మీటడానికి పిజ్జికాటో. పేరులోనే పని ఉంది. ధర మిగతావాటికన్నా అందుబాటులో ఉంటుంది.

నా సలహా అడిగితే నీకు హెలికోర్ ఆర్కెస్ట్రల్. లైట్ వెయ్యాలా, మీడియం వెయ్యాలా అన్నది నీ పొడవు కొలతను బట్టి. 106 లోపు అయితే మీడియం, దాటితే లైట్. తెలిసినవాళ్లెవరి దగ్గరైనా ఒక ఏడాది వాడిన బెల్‌కాంటో సెట్ దొరికితే అది ఇంకా మేలు. బాస్ వాళ్లు తీగలు చావకముందే విసుగొచ్చి మార్చేస్తుంటారు, చెన్నైలో నీ సెక్షన్ వాళ్లను అడుగు. అసలు ఒక మాట ముందే అడగాల్సింది. నువ్వు అక్కడ వాయించే బాస్ మీద ఏ సెట్ ఉంది? ఇంట్లో దానికి దగ్గరగా ఉండే తీగలే వెయ్యి. వారమంతా మెత్తటి తీగ మీద సాధన చేసి, శనివారం గట్టి తీగ మీదికి వెళ్తే మొదటి గంటంతా చేతికి సర్ది చెప్పుకోవడంతోనే సరిపోతుంది.

పేరులేని చవక సెట్ మాత్రం వద్దు. లావు తీగ అంటే పెద్ద చప్పుడు అనే భ్రమ కూడా వద్దు. ఇది నేను నా సొంత డబ్బుతో నేర్చుకున్న పాఠం. పాతికేళ్ల వయసులో, మైకు లేకపోయినా హాలు చివరిదాకా వినిపించాలని, అన్నిటికన్నా లావైన, బరువైన సెట్ తెప్పించి వేశాను. మొదటిరోజు గొప్పగా అనిపించింది. రెండో వారానికి బాస్ గొంతు పట్టేసినట్టు అయిపోయింది. ఎంత లాగినా నాదం బయటికి రాదు. కారణం ఏమిటంటే, టెన్షన్ ఎక్కువయ్యే కొద్దీ తీగలు బ్రిడ్జిని కిందికి నొక్కుతాయి, బ్రిడ్జి పైపలకను నొక్కుతుంది, ఆ పలక స్వేచ్ఛగా ఊగలేకపోతుంది. పలక ఊగితేనే కదా నాదం. ఎడమ చేతి చిటికెన వేలు మూడు నెలలు నొప్పి. చివరికి ఆ సెట్ తీసి సన్నది వేస్తే, బాస్ ఊపిరి పీల్చుకున్నట్టు మోగింది. ఆ లావు తీగల్లో ఒకటి ఇప్పటికీ మా మేడ మీద బట్టలు ఆరేసే తీగగా పనిచేస్తోంది.

పాతకాలపు, పలచటి పలక ఉన్న బాస్ వాళ్లు చేసే ఇంకో ఉపాయం ఉంది. సోలో వాయించేవాళ్ల కోసం ఒక స్వరం ఎక్కువ శ్రుతిలో పెట్టుకునే సెట్లు వస్తాయి. వాటిని దించి ఆర్కెస్ట్రా శ్రుతిలో పెట్టుకుంటారు. అప్పుడు టెన్షన్ ఐదో వంతు దాకా తగ్గుతుంది, వాయిద్యానికి హాయి. దీనికి తిరగేసి మాత్రం ఎప్పుడూ చెయ్యకు. ఆర్కెస్ట్రా సెట్‌ను సోలో శ్రుతికి ఎక్కిస్తే టెన్షన్ పాతిక శాతం పెరుగుతుంది, తీగ తెగితే మొహానికి తగులుతుంది.

నాలుగో తీగ ఒక్కటీ వేరే బ్రాండ్ వెయ్యొచ్చా అని నీకు రేపు సందేహం వస్తుంది. వెయ్యొచ్చు. పెద్ద ఆర్కెస్ట్రాల్లో నాలుగో తీగను పైకి పొడిగించి కింది సి స్వరం దాకా దించే ఎక్స్‌టెన్షన్ అనే అమరిక ఉన్నవాళ్లు నాలుగో తీగకు స్పైరోకోర్, మిగతా మూడింటికి కమాను రకం వెయ్యడం మామూలే. ఎక్స్‌టెన్షన్ ఉన్న బాస్‌కు పొడుగు తీగ విడిగా కొనాలన్నది మర్చిపోవద్దు. నీ బాస్‌కు అది లేదు కాబట్టి మొదట్లో ఒకే సెట్‌తో వెళ్లు, ఆరు నెలలయ్యాక ఆలోచిద్దాం.

మార్చేటప్పుడు ఒక్కొక్క తీగే మార్చు. ఇది బతిమాలి చెప్తున్నాను. చెన్నైలో కొత్తగా ఉన్న రోజుల్లో, తెల్లారి తొమ్మిదింటికి కాల్‌షీట్ అంటే, రాత్రి పదింటికి నాలుగూ ఒకేసారి విప్పేసి శుభ్రం చేద్దామని కూర్చున్నాను. టక్కుమని లోపల చప్పుడు. పైపలకకూ కింది పలకకూ మధ్య నిలబెట్టే సౌండ్ పోస్ట్ పడిపోయింది. దానికి జిగురు ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. బ్రిడ్జి కూడా పక్కకు పడి వార్నిష్ మీద గీత. ఆ రాత్రి టార్చి లైటు నోట్లో పెట్టుకుని, ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి వంకర కమ్మీతో సౌండ్ పోస్ట్ నిలబెట్టబోయి, తెల్లారేదాకా కుస్తీ పట్టాను. కాల్‌షీట్ పోయింది.

నట్ గాడిలోనూ, బ్రిడ్జి గాడిలోనూ మెత్తటి పెన్సిల్ ముక్కతో రుద్దు, తీగ జారుగా కదులుతుంది. పైన శ్రుతి బిగించే మీటకు తీగ మూడు నాలుగు చుట్లు చాలు, ఒకదాని పక్కన ఒకటి పడాలి, ఒకదాని మీద ఒకటి కాదు. ప్రతి తీగ బిగించాక బ్రిడ్జి పైభాగం ఫింగర్‌బోర్డ్ వైపు లాగబడిందేమో చూసి, రెండు చేతులతో మెల్లగా వెనక్కి జరుపు. మొదటి మూడు రోజులు శ్రుతి దిగుతూనే ఉంటుంది, ఆ తర్వాత నిలబడుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో రోజిన్ తుడువు. స్పిరిట్ వాడాల్సివస్తే గుడ్డకు తడిపి తీగకు మాత్రమే రాయి. ఒక్క చుక్క వార్నిష్ మీద పడినా మచ్చ పోదు.

వాతావరణం గురించి ఒక మాట మిగిలింది. మన దగ్గర మేలో గాలి పొడిబారుతుంది, చెక్క ముడుచుకుని అతుకుల దగ్గర సన్నటి సందు పడుతుంది. అప్పుడు ఏదో ఒక స్వరానికి మాత్రం "జ్‌జ్‌" అని జీర వస్తుంది. నేను ఒక వేసవిలో ఆ జీరకు మూడో తీగ మార్చాను, తర్వాత రెండోది మార్చాను. తీరా చూస్తే కింది అతుకు నాలుగు వేళ్ల మేర విడిపోయి ఉంది. అంచు చుట్టూ వేలి కణుపుతో కొట్టుకుంటూ వస్తే, విడిపోయినచోట చప్పుడు బోలుగా వినిపిస్తుంది, అలా పట్టుకోవాలి. అతికించాల్సి వస్తే పాతకాలపు వడ్రంగుల వజ్రం జిగురే, అంటే జంతువుల తోలుతో కాచేదే పెట్టించు, అది వేడినీళ్లతో మళ్లీ విప్పుకోవచ్చు. తెల్ల జిగురు పెడితే ఇంకోసారి విప్పేటప్పుడు చెక్కే ఊడొస్తుంది. వేసవిలో బాస్ ఉన్న గదిలో ఒక బకెట్ నీళ్లు పెట్టు. కార్తీకంలో వానలప్పుడు గోడకు ఆనించకుండా ఎత్తు మీద పెట్టు. 2021 నవంబరు వరదల్లో మా వీధి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు, మా బాస్‌ను మంచం మీద పడుకోబెట్టి, మేము కుర్చీల్లో కూర్చున్నాం.

రోజిన్ మార్చి, తీగ పొడవు, ఒకటో తీగ ఎత్తు, నాలుగో తీగ ఎత్తు కొలిచి ఆ మూడు అంకెలూ నాకు రాయి. చెన్నై బాస్ మీదున్న తీగ కింది చివర ఏ రంగు పట్టుదారం చుట్టి ఉందో కూడా చూసిరా, దాన్నిబట్టి చాలావరకు ఏ కంపెనీదో చెప్పొచ్చు. పాత తీగలు పారెయ్యకు. చుట్టచుట్టి, ఏది ఎన్నో తీగో చీటీ కట్టి కవర్లో పెట్టుకో. కొత్తది తెగిన రోజు కొరియర్ వచ్చేదాకా వాటితోనే గడపాలి.